చేలో మైకు, మైకులో శీనమ్మ

ఉదయగిరి కొండ కింద ఆ ఊళ్లో శీనమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుందంటే రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డవాళ్లు కూడా అది ఏ పాటో చెప్పేస్తారు. భర్త వరప్రసాదం ఇందుకు పూర్తిగా ఎదురు. బస్సులో ఆయన టికెట్ అడిగితే కండక్టరు వంగి, చెవి దగ్గర పెట్టి, మళ్లీ చెప్పమంటాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన గట్టిగా అరిచింది పాము కనపడ్డప్పుడే.

కొండవారన వాళ్లకు రెండెకరాల మెట్టచేను ఉంది. అది శీనమ్మ పేరు మీదే ఉంది. కొడుకు ఎవరు ఏమడిగినా కాదనలేడని తెలిసిన అత్త, బతికుండగానే దాన్ని కోడలి పేరున రాయించి పోయింది. ఎర్రనేల. వేరుశనగకు బాగా పనికొస్తుంది. ఆ సంగతి అడవిపందులకు కూడా తెలిసిపోవడమే వచ్చిన చిక్కు. కాయ ఊరే వేళకు కొండ దిగి గుంపుగా వచ్చేవి. తెల్లారి చూస్తే చేను నాగలి పెట్టినట్టు ఉండేది. వరప్రసాదం మంచె కట్టి, రేకు డబ్బా వాయిస్తూ కాపలా కాశాడు. అలసిపోయి డబ్బా మీదే తలపెట్టి నిద్రపోయాడు. పందులు మంచె కింద నుంచే నడిచి వెళ్లాయని పొద్దున అడుగుజాడలు చెప్పాయి.

"ఇంక ఆ చేను వాటిదే, మనది కాదు" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. సంగం దగ్గర కాలవ కింద వరి పనులకు పోవడం మొదలుపెట్టాడు. వారానికోసారి నడుం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. చేను తుమ్మమొక్కలతో పడావు పడింది.

రైతులకు సర్కారు వేసే డబ్బులు మాత్రం ఆ చేను పేరున ఏటా శీనమ్మ ఖాతాలో పడుతూనే ఉన్నాయి. పడ్డాయన్న మాటేగానీ ఆమె దగ్గర నిలిచింది లేదు. కలిగిరిలో ఎరువుల కొట్టాయన విత్తనాలు, మందులు బాకీకి ఇచ్చేవాడు. డబ్బు పడిన సంగతి ఆమెకంటే ముందు ఆయనకే తెలిసేది. తీసిన చేత్తోనే తీసుకెళ్లి ఇచ్చేది. పాత బాకీలన్నీ అట్లా తీరిపోయాయి. పైరు పెట్టలేదు కాబట్టి కొత్త బాకీ లేదు. ఆ ఆగస్టులో ఫోను టింగుమని డబ్బులు పడ్డాయని చెప్పినప్పుడు, శీనమ్మను ఇమ్మని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

ఆమెకు అది వింతగా తోచింది. పక్క వీధిలో రమణి అనే అమ్మాయి బ్యాంకు మిషను పెట్టుకుని వేలిముద్ర మీద డబ్బులు ఇస్తుంటుంది. శీనమ్మ పోయి వేలు పెట్టింది.

"ఎంత తీయమంటావక్కా?" అంది రమణి.

"తీయొద్దు. ఉండాయా లేదా చూడు."

"ఉండాయి."

"సరే, ఉండనీ."

మళ్లీ రెండు రోజులకు వెళ్లి అదే మాట అడిగింది. మూడోసారి పోయేసరికి రమణి నవ్వాపుకోలేక, "నీ డబ్బులు బాగుండాయక్కా, అన్నం కూడా తిన్నాయి" అంది. శీనమ్మ కూడా నవ్వేసింది గానీ, ఇంటికి వచ్చే దారిలో తల పైకెత్తుకునే నడిచింది.

ఆ శనివారం వరప్రసాదం ఇంటికి వచ్చాడు. ఆత్మకూరులో డిగ్రీ చదివే కూతురు షైనీ కూడా ఇంట్లోనే ఉంది. అన్నాలు తింటుండగా శీనమ్మ డబ్బుల మాట కదిపింది.

"రేకు మార్పిద్దాం మే. వాన పడితే నా మంచం మిందే కారతాది" అన్నాడు వరప్రసాదం.

"మంచం పక్కకి లాక్కో. నేను శెనక్కాయలు పెట్టాలనుకుంటా ఉండా."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "పందులకు విందు చేస్తావా?"

షైనీ పళ్లెంలో నుంచి తలెత్తింది. "అనంతసాగరం కాడ మా ఫ్రెండు వాళ్ల చేలో మైకు పెట్టినారు నాయనా. మనం అరిచిన అరుపు దాంట్లో రికార్డు చేస్తే, అదే అరస్తా ఉంటాది. మనిషి ఉండాడనుకొని పందులు రావంట."

"అరుపుకు డబ్బులు పెట్టేదేంది?" అన్నాడు వరప్రసాదం. "మీ అమ్మను తీస్కపోయి చేలో కూర్చోబెడితే చాలు."

శీనమ్మ కోప్పడలేదు. అప్పటికే ఆమె మనసు ఆత్మకూరు బస్సెక్కేసింది.

సోమవారం తల్లీకూతుళ్లు ఆత్మకూరు వెళ్లారు. ముందు విత్తనాల కొట్టు. బాకీకి తెచ్చుకున్నన్నాళ్లూ ఇచ్చిన మూట ఎత్తుకుని రావడమే గానీ, విప్పి చూసింది లేదు. ఈసారి శీనమ్మ మూట విప్పించింది. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఊదింది, ఒకటి కొరికి చూసింది. ముడతలు పడ్డ గింజలు ఎక్కువున్నాయని రెండో మూట తెమ్మంది. గుమాస్తా తెచ్చాడు. అదీ చూసి మూడోది అడిగింది. గుమాస్తా మొహం చిట్లించాడు గానీ తెచ్చాడు. షైనీ చెవిలో, "చాల్లే అమ్మా" అంటే, "ఉండుమే, డబ్బులిచ్చి కొంటా ఉండాం" అంది శీనమ్మ, గుమాస్తాకు వినపడేట్టుగానే.

మిగిలినదాంట్లో దున్నకం కూలీకి పక్కన పెట్టి మైకు కొన్నారు. చిన్న మైకు బూర, దానికో బ్యాటరీ, మీద అరచేయంత సోలారు పలక.

విత్తిన రోజే చేలో రికార్డింగు పెట్టుకున్నారు. ఇంటి యజమాని కదా అని ముందు వరప్రసాదానికి ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, "ఓయ్, ఎవరది, పోండి" అన్నాడు. పెట్టి వింటే, వచ్చిన చుట్టాలను మర్యాదగా సాగనంపుతున్నట్టుంది. షైనీ గెనెం గట్టు మీద కూలబడి నవ్వింది.

శీనమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుని మైకు అందుకుంది. "ఎవుర్రా అది? ఒరేయ్, కర్ర తీస్కొని వస్తా ఉండా. యాడికిరా దిగేది? కాళ్లిరగ్గొడతా" అని ఎత్తుకుంది. కొండ మీంచి అరుపు తిరిగి వచ్చింది. మధ్యలో కళ్లు ఎటో తిరిగాయి. వరప్రసాదం విత్తనాల గంప బోర్లించి దాని మీద కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు. అదే ఊపులో, "యో ప్రసాదం, లెయ్యి, ఆ గంప ఇరుగుతాది, దున్నపోతా" అనేసింది. ఇది కూడా రికార్డయిపోయింది.

"తీసేసి మళ్లీ చేద్దామా?" అని షైనీ అడిగింది.

వరప్రసాదం ఆలోచించి, "ఉండనీలే. పందులు నిజమనుకుంటాయి" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి పొద్దుగూకగానే కొండవారన శీనమ్మ మొదలయ్యేది. పందులను తిట్టి, వరప్రసాదాన్ని లేపి, మళ్లీ పందుల దగ్గరికి వెళ్లేది. టీ అంగడి దగ్గర ఆయన కనిపిస్తే చాలు, "యో ప్రసాదం, లెయ్యి" అని బెంచీ మీదివాళ్లందరూ అనేవాళ్లు. ఆయన సిగ్గుపడకుండా లేచి, మళ్లీ కూర్చునేవాడు.

చేను పక్కనే కామాక్షమ్మ గారి మిద్దె. ఊళ్లో పెద్ద సేద్యం వాళ్లది. ఒక పొద్దున ఆవిడ కబురు పెట్టింది. మైకు ఆపెయ్యమంటుందని అనుకుంటూనే శీనమ్మ వెళ్లింది. కామాక్షమ్మ అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుని ఉంది.

"ఏం మే శీనమ్మా, నిన్న నీ అరుపు వినపడలేదే?"

"మబ్బు పట్టింది కదమ్మా, బ్యాటరీ ఎక్కినట్టు లేదు."

"అట్టనా? నువ్వు తిట్టేది వింటా పడుకొనేది అలవాటైపోయింది నాకు. నిన్న నిద్రే పట్టలేదు. అది సరే, మా కందిచేను కాడికీ ఒకటి పెట్టించు. అరుపు నీదే కావాలి. మా ఇంట్లో అట్ట అరిచేవాళ్లు లేరు."

శీనమ్మ పరుగున చేలోకి పోయింది. మైకు మూగబోయిన ఆ ఒక్క రాత్రికే కొండవైపు చివర నాలుగు సాళ్లు తవ్వి పోసున్నాయి. అక్కడే కూర్చుని ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత పెకలించిన మొక్కల్లో పచ్చిగా ఉన్నవి ఏరి మేకలకు తెచ్చింది. వరప్రసాదం సంగానికి పోలేదు. మబ్బు విడిచేదాకా మంచె మీద తానే ఉన్నాడు. బ్యాటరీని ఇంట్లో చార్జింగు పెట్టి మోసుకెళ్లేవాడు.

ఒకే అరుపు రోజూ వింటే పందులకూ అలవాటవుతుందని షైనీ అంది. కొత్తది కావాలి. "చర్చి పాట పాడు అమ్మా, గట్టిగా ఉంటాది" అంటే శీనమ్మ ఒప్పుకోలేదు. "దేవుడి పాటలు పందులకా? పోమే." చివరికి కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్లు ముందుకొచ్చారు. వారానికొకరు మైకు పట్టుకున్నారు. పందులను తిట్టమంటే ఒకామె అత్తను తిట్టింది, ఇంకొకామె నిజంగానే మొగుణ్ణి పేరు పెట్టి తిట్టింది. ఆ వారమంతా ఆ మొగుడు టీ అంగడికి రాలేదు.

క్రిస్మస్‌కు ముందు వారం కాయ పీకారు. కొండవైపు పోయిన సాళ్లు పోగా, మిగిలిన చేనంతా కాయ గట్టిగా ఊరింది. విత్తనం ఎవరి దగ్గరా బాకీకి తేలేదు కాబట్టి, కాయలు ఫలానా కొట్లోనే వేయాలన్న కట్టుబాటు లేదు. శీనమ్మ కలిగిరిలో ఒక ధర, ఆత్మకూరులో ఒక ధర విచారించి, ఆత్మకూరుకే ఆటో మాట్లాడింది. వచ్చే సంవత్సరానికి కావలసిన విత్తనం మాత్రం అమ్మకుండా అటక మీద పెట్టింది. మిగిలింది పెద్ద సంపదేం కాదు. వరప్రసాదం మంచం మీద రేకు కారుతూనే ఉంది. కానీ పీకుడు రోజుల్లోనే వరినాట్లకు రమ్మని సంగం నుంచి మేస్త్రీ ఫోను చేస్తే, ఆయన తన సన్నటి గొంతుతోనే, "ఇప్పుడు రాలేనన్నా, చేలో పని ఉండాది" అన్నాడు. అవతలివాడికి వినపడలేదు. రెండోసారి కాస్త గట్టిగా చెప్పాడు.

పీకుడు అయిన రాత్రి కళ్లం దగ్గర పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టారు. కలుపుకొచ్చిన ఆడవాళ్లంతా వచ్చారు. కామాక్షమ్మ బెల్లం పంపింది. పొయ్యి చుట్టూ కూర్చుని కాయలు ఒలుచుకుంటూ, పై ఏడు గట్టు పక్కన కంది కూడా ఒక వరస వేద్దామా అని శీనమ్మ అడిగితే, వరప్రసాదం రెండు వరసలు వేద్దామన్నాడు.