రెండో నంబరు రివాల్వర్

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది చలికాలంలో నేను దోహా శివార్లలోని ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా పనిచేస్తున్నాను. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు. వాటిని శుభ్రం చేసి, మరమ్మతు చేసి, కాల్చడానికి పనికొస్తాయని సంతకం పెట్టేవాడు. సైన్యంలో ఇరవై రెండేళ్లు అదే పని చేసి, హవల్దారుగా రిటైరై ఖతర్ వెళ్లాను. జగిత్యాలలోని మా బంధువులు మాత్రం నేను దుబాయ్‌లో పనిచేశాననే ఇప్పటికీ చెబుతారు.

ఆర్మరీలో నాతోపాటు ఖాజా ఉండేవాడు. బోధన్ వాడు, నాకన్నా పదకొండేళ్లు చిన్న. సైన్యం ముఖం చూడలేదు. హైదరాబాదులో తుపాకులు బాగుచేసే ఒక దుకాణంలో పని నేర్చుకున్నాడు. అరబ్బీ ధారాళంగా మాట్లాడేవాడు. మా పై అధికారి, సైన్యం నుంచి రిటైరైన ఖతరీ కెప్టెన్, అతన్ని ‘ఉస్తాద్’ అని పిలిచేవారు. నన్ను ‘రఫీక్’ అనేవారు, అంటే నేస్తం. అక్కడ తోటపనివాణ్నీ, డ్రైవర్నీ కూడా అలాగే పిలుస్తారు. సాయంత్రం బస్సెక్కి అల్ ముంతజాలోని నా గదికి చేరేదాకా ఆ తేడానే తలచుకునేవాణ్ని.

సీనియర్ ఆర్మరర్ పదవి ఖాళీగా ఉన్న రోజులవి. ఇద్దరిలో ఒకరికే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే, మూతపడిన మరో షూటింగ్ రేంజి నుంచి ఆరు పాత రివాల్వర్లు మా దగ్గరికి వచ్చాయి. కొత్త సభ్యుల టార్గెట్ ప్రాక్టీసుకు వాటిలో ఒకటి కావాలి. మేమిద్దరం విడివిడిగా పరీక్షించి, చెరొకటి ఎంపిక చేసి తనిఖీ పత్రంలో సంతకం పెట్టాలనీ, మధ్యాహ్నం తానే కాల్చి చూసి తేలుస్తాననీ కెప్టెన్ చెప్పారు.

పాత రివాల్వర్‌ను చూడడానికి ఒక వరుస ఉంది. ముందు సిలిండర్ బయటికి తెరిచి, గుండ్లు పెట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. బ్యారెల్‌లోకి వెలుతురు వేసి తుప్పు, గుంటలు చూడాలి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందును సన్నని రేకుల గేజితో కొలవాలి. ఆపైన గుండును పేల్చే హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ, ప్రతి గదీ బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి బిగుసుకుంటున్నదో లేదో చూడాలి. బిగుసుకోకముందే పేలితే గుండు బ్యారెల్ అంచును గీరుకుంటుంది. సీసపు తునకలు పక్కకు చిమ్మి కాల్చేవాడి చేతికో, పక్కవాడి కంటికో తగులుతాయి.

నేను నాలుగో నంబరును ఎంచుకుని పత్రంలో సంతకం పెట్టాను. నల్లని మెరుపు చెక్కుచెదరలేదు, ట్రిగ్గర్ ఎక్కడా పట్టకుండా కదిలింది. ఖాజా రెండో నంబరు తీసుకున్నాడు. దాని పూత అరిగిపోయింది, పిడి నిండా గీతలే. చూసి లోలోపల సంతోషించాను. అతను నమాజుకు వెళ్లగానే దాన్ని తెచ్చుకుని ఆసాంతం పరీక్షించాను. తప్పు దొరకలేదు. మళ్లీ చూశాను. మూడోసారి భూతద్దం పెట్టాను. కెప్టెన్‌కు చూపించడానికి ఒక్క లోపమైనా దొరకాలని మనసారా కోరుకున్నాను.

అంతలో ఖాజా తిరిగి వచ్చాడు. బల్ల మీది నాలుగో నంబరు అందుకుని, సిలిండర్ తెరిచి చూసి, మూసి, హ్యామర్‌ను నెమ్మదిగా లాగాడు. ఇంకోసారి లాగాడు.

“అన్నా, ఇది జర మెల్లగ గుంజి చూడు. ఐదో గది కూసుంటలేదు” అన్నాడు.

“నా దాన్ని నువ్వెందుకు ముట్టుకున్నవ్?” అన్నాను.

“నువ్వు నాది అద్దం పెట్టి చూస్తున్నవ్ గద. నేను నీది చేత్తోనే చూసిన.”

మెల్లగా లాగి చూశాను. ఐదో గది వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. పొద్దున నేను చకచకా లాగాను. ఆ ఊపుకే సిలిండర్ తిరిగి బిగుసుకుంది, లోపం బయటపడలేదు. మెల్లగా లాగమని సైన్యంలో ఎందరికో నేర్పినవాణ్ని నేనే.

మా పత్రాల్లో చెరిపివేతలు కుదరవు. తప్పు రాసినచోట ఒకే గీత కొట్టి పక్కన సంతకం చేయాలి. కెప్టెన్ ఇంకా రాలేదు గనక నన్నే దిద్దుకొమ్మని, తానేమీ చెప్పనని ఖాజా అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. అంతవరకూ అతని పనితనాన్ని చూసి కుళ్లుకున్నాను. ఇక అతని మంచితనాన్ని చూసి కూడా కుళ్లుకోవలసి వచ్చింది.

కెప్టెన్ వచ్చి పత్రంలో నేను కొట్టిన గీతను చూసి, లోపం ఎవరు పట్టుకున్నారని అడిగారు. ఖాజా బల్ల తుడుస్తున్నాడు, తలెత్తలేదు. నేనే అని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

“ఖాజా” అన్నాను.

కెప్టెన్ నా వైపు ఒక క్షణం చూసి, ఇక పదండన్నట్టు “యల్లా” అంటూ రెండో నంబరు తీసుకుని రేంజిలోకి నడిచారు. ఆరు గుండ్లూ అరచేయంత చోట పడ్డాయి.

నెల తిరక్కుండా పదవి ఖాజాకు వచ్చింది. నేను తిరిగి వచ్చేసేదాకా, మూడేళ్లు, అతని సంతకం కిందే సంతకం పెట్టాను. ఈర్ష్య పోయిందంటే అబద్ధం. పద్ధతి మాత్రం మార్చుకున్నాను. నాకు బాగా నచ్చిన ఆయుధాన్ని నేను ఆమోదించే ముందు, అది నచ్చని మనిషి చేతికిచ్చి చూపించేవాణ్ని. ఆ రోజు ఖాజా రివాల్వర్‌ను నా ఈర్ష్య చాలా శ్రద్ధగా పరీక్షించింది. నా రివాల్వర్‌ను అంత శ్రద్ధగా పరీక్షించడానికి నాకు కారణం లేకపోయింది.