అమ్మ సీటు కింద సబ్‌వూఫర్

మొన్న భీమవరంలో మా కారుకి కొత్త స్టీరియో పెట్టిస్తుంటే, సోల్డరింగ్ పొగ వాసనకి నాన్న గుర్తొచ్చారు.

అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ ఏడు పెద్ద జ్వరం వచ్చి అమ్మకి వినికిడి పూర్తిగా పోయింది. అంతకుముందు కారులో పాట వస్తే చాలు, తనూ గొంతు కలిపేది. తర్వాత నాన్న పాటలు పెట్టడమే మానేశారు.

ఒకరోజు మమ్మల్ని కారు సామాన్ల షాపుకి తీసుకెళ్లారు.

"డోర్లలో కంపెనీ స్పీకర్లు ఉండనివ్వండి. సబ్‌వూఫర్ మాత్రం మా ఆవిడ సీటు కింద పెట్టండి" అన్నారు.

"డిక్కీలో పెడితే బాగుంటుందండి. సీటు కిందైతే మొత్తం అదిరిపోద్ది" అన్నాడు మెకానిక్.

"అదరాలనేనండి."

వైర్లు కలిపాక అమ్మని కూర్చోబెట్టి పాట పెట్టారు. అమ్మ ఉలిక్కిపడింది. సీటుకి అరచెయ్యి ఆనించింది. తర్వాత మోకాలి మీద వేళ్లతో తాళం వేసింది. ఒక్క దెబ్బా తప్పలేదు.

"నాన్నా, అమ్మకి వినపడుతోంది!" అని అరిచాను. వెనకసీట్లోంచి "అమ్మా! అమ్మా!" అని పిలిచాను. తను తిరగలేదు. మెకానిక్ సరిగ్గా బిగించలేదనుకుని ఏడ్చేశాను.

నాన్న నా చెయ్యి పట్టుకుని అమ్మ సీటు వెనక ఆనించారు. "వినపడదమ్మా. ఇలా తెలుస్తుందంతే" అన్నారు.

ఇంటికొస్తూ కాలవగట్టు రోడ్డు మీద అమ్మ పాట అందుకుంది. శ్రుతి ఎక్కడికో పోయింది. దారినపోయేవాళ్లు చూస్తున్నారని సిగ్గేసి, నా పక్క అద్దం ఎక్కించేశాను. నాన్న తన పక్క అద్దం పూర్తిగా దించారు.

అమ్మ పోయి నాలుగేళ్లు. శ్రుతి తప్పిన ఆ పాటే ఇంకొక్కసారి వినాలని ఉంది.