మేత ఎక్కువైందన్న మాట

ఒక చేప చచ్చిపోయినప్పుడు నేనన్న మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. అలసిపోయాను. చెప్పబోయేది విని ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. అలా అనిపించేలా నన్ను నేనే ఒప్పించుకున్నాను. నేనెవరో మీకు తెలియదు, నడుమ ఆపి ఓదార్చలేరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పాలిటెక్నిక్ పూర్తిచేసి జగ్గయ్యపేట దగ్గర కాలవ పనుల్లో ఓవర్సీరుగా చేరిన కొత్త. మా ఇల్లు నందిగామలో. అమ్మ, అన్నయ్య, వదిన అక్కడ ఉండేవాళ్ళు. ఆదివారాలు బస్సెక్కి ఇంటికి వెళ్ళేవాణ్ణి. పెళ్ళైన ఏడాది అన్నయ్య మద్రాసు నుంచి వదినకి ఒక ఫైటర్ చేపను తెచ్చాడు. బెట్టా అని దాని అసలు పేరట. నీలం మీద ఎరుపు, పట్టుచీర కుచ్చిళ్ళలా తోక. గాజుసీసాలో ఉండేది. వదిన గోలెంలోంచి దోమపిల్లల్ని వడగట్టి దానికి వేసేది. ఒక్కొక్కటే వేసి, అది మింగాక పొట్ట వంక చూసి, ఇంక చాలనిపిస్తే ఆపేది. నేను చూసేవాణ్ణి. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి.

సీసా చాలదన్నది నేనే. ఈ చేప పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. అలాగని నీళ్ళు మరీ తక్కువైతే మా ఎండలకి కాగిపోతాయి. ఇత్తడి గంగాళం పనికిరాదు, చిలుము విషం. కుండలో పెడితే పైనుంచి తప్ప కనపడదు. ఊరగాయ జాడీకి మూతి ఇరుకు. గాజు తొట్టి బెజవాడలోనైనా దొరుకుతుందో లేదో. ఇలా ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి నా చేతుల్తో చేయగలిగింది మిగిలింది: ముందువైపు గాజుపలక బిగించిన చిన్న సిమెంటు తొట్టి. అసలు మొదటినుంచీ నాకు కావలసింది అదేనేమో? మిగతావన్నీ కొట్టేయటానికే పేర్చుకున్నానేమో?

కొత్త సిమెంటు నీళ్ళలోకి సున్నం వదులుతుంది. తొట్టి నిండా నీళ్ళు పెట్టి, పారబోసి, మళ్ళీ పెట్టి, కనీసం పక్షం రోజులు అలా చేస్తే గాని అందులో ప్రాణి బతకదు. చదువుకున్న సంగతే. వదినకి చెప్పింది కూడా నేనే.

తొట్టిని పని దగ్గరే పోశాను. గట్టిపడేదాకా తడిపాను. ఆ తర్వాత రోజూ నీళ్ళు మార్చాలనుకున్నాను. మార్చలేదు. పని ఎక్కువై కాదు. బద్ధకం. సామాన్ల షెడ్డులో పొడిగా పడి ఉండగానే, నాతో చదివిన స్నేహితులిద్దరు ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తామన్నారు. తొట్టి గురించి వాళ్ళకి అప్పటికే గొప్పలు చెప్పి ఉన్నాను. శనివారం లారీలో వేయించుకుని నందిగామ తెచ్చేశాను.

వదిన సీసా చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా ఇంజనీరూ, పక్షం రోజులూ నానబెట్టావా?"

"అక్కడే నానబెట్టా వదినా."

"నీళ్ళు మార్చావా?"

"మార్చా. సిమెంటు సంగతి కూడా నువ్వే నాకు చెప్తావా?"

"నీకు చెప్పేంతదాన్నా? నోరులేనిది కదా అని అడిగా," అంటూ నవ్వి, సీసా వంచింది.

ఆపవచ్చు. సీసా వంచటానికీ చేప జారటానికీ మధ్య ఆపవచ్చు. ఒక్కరోజుకి ఏం కాదులే అనుకున్నాను.

మర్నాడు స్నేహితులు చూశారు. "ఒరేయ్, చేప కన్నా నీ తొట్టే బాగుందిరా!" అన్నాడొకడు. చేప పైకీ కిందికీ ఊరికే తిరుగుతోంది. కొత్తచోటు సంబరం అన్నాను. సాయంత్రం వాళ్ళతోపాటే బస్సెక్కాను.

తర్వాతి ఆదివారం వచ్చేసరికి చేప లేదు. నువ్వొచ్చి చూస్తావని నీళ్ళు పారబోయలేదంది వదిన. వేలు ముంచాను. కుంకుడు రసంలా జారింది. సున్నం.

"నేనేం చేశానంటావ్?" అంది. ఏమైందంటావ్ అనలేదు. అలా అడిగినందుకే నాకు దారి దొరికింది.

అమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది.

"మేత ఎక్కువైంది వదినా. ఎంత పెట్టాలో తెలియాలి కదా."

అమ్మ తలెత్తింది. "చూసి పెట్టాలమ్మాయ్. పెట్టటమూ ఒక విద్యే," అంది.

వదిన తలూపింది. నన్ను నమ్మింది. చదువుకున్నవాణ్ణి కదా.

ఆపై ఏడాది పాప పుట్టింది. ఉగ్గుగిన్నె పట్టుకుని వదిన ప్రతిసారీ అడిగేది: "ఇంత చాలా అత్తయ్యా?" అమ్మ చెడ్డది కాదు. ఒకసారి పాప పాలు కక్కినప్పుడు మాత్రం, "ఆనాడు చేపకీ ఇంతేగా!" అని గిన్నె తీసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు.

ఒక ఆదివారం అమ్మ పొరుగింటికి వెళ్ళింది. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. గిన్నెలో పాలు గోరువెచ్చగా ఉన్నాయి. వదిన గిన్నె ముట్టుకోకుండా గుమ్మంలో నిలబడి వీధివైపు చూస్తోంది. నేనక్కడే ఉన్నాను. నిజం చెప్పటానికి ఎంతసేపు పడుతుంది? నేను చేసిందల్లా, పరుగున వెళ్ళి అమ్మని పిలుచుకురావటం.

నిరుడు అమ్మ పోయింది.

పోయిన నెల నందిగామ వెళ్ళాను. తొట్టి ఇంకా పెరట్లోనే ఉంది, నాచుపట్టి, నిండా దోమపిల్లలతో. ఇప్పుడైతే అందులో ఏ చేపైనా హాయిగా బతుకుతుంది. నేనూ పాపా భోజనానికి కూర్చున్నాం. పాప బళ్ళోకి వెళ్తోందిప్పుడు. "ఇంకొంచెం పప్పన్నం," అంది. వదిన గరిటె పట్టుకుని, అలవాటుగా అమ్మ కూర్చునే చోటు వంక చూసింది. తర్వాత నా వంక తిరిగింది.

"పెట్టనా?"

అప్పుడు చెప్పాను. తొట్టి నానబెట్టలేదు వదినా, నీళ్ళు మార్చలేదు, సున్నానికి చచ్చిపోయింది చేప, నాకు ఆరోజే తెలుసు. అడ్డదిడ్డంగా, పూర్తిగా చెప్పాను. చెబుతుంటేనే ఛాతీలో ఏదో సడలింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళినట్టనిపించింది. ఆ సుఖం నా ఒక్కడిదే. దానికి నేను సిగ్గుపడుతున్నాను, వద్దని మాత్రం అనలేను.



"అత్తయ్య వింటుండగా అన్నావు ఆ మాట," అంది వదిన. "అత్తయ్య వింటుండగా చెప్పాల్సింది."

గరిటె గిన్నెలో వదిలి లోపలికి వెళ్ళింది. పాప కంచం నావైపు జరిపింది. గరిటె తీసుకున్నాను. ఎంత పెట్టాలో నాకు తెలియలేదు.