తరి పన్ను

నేరేడుచర్ల దగ్గరి మా ఊరి దాకా కాలువ తవ్వగానే, నాన్న పట్వారీ చుట్టూ తిరిగి మా మెట్ట చెలకను తరి అని, అంటే నీళ్లు పారే భూమి అని రాయించాడు. ఇక వరన్నమేనని అమ్మ సంబరపడింది. నీళ్లు పై ఊళ్లకే సరిపోయాయి. మా జొన్నచేనుకు తరి పన్ను మాత్రం ఏటా తప్పలేదు.

మళ్లీ చెలక అనే రాయమని నాన్న అడిగితే పట్వారీ, "రాస్త. రేపు నీళ్లొస్తే మాత్రం నీకు రావు, సూస్కో" అన్నాడు.

నాన్న తరి అనే ఉండనిమ్మన్నాడు. ఏటా మృగశిరకు ముందు ఆ ఎండు కాలువలో కంప నరికి, పూడిక తీసేవాడు. పన్నులు తీసుకునేది ప్రజల పనులు చేయడానికేనని బడిలో పంతులుగారు చెప్పేవారు. మా ఊళ్లో చచ్చేదాకా పన్నూ నాన్నే కట్టాడు, పనీ నాన్నే చేశాడు.