నాయన పాలు పట్టిన అడవిపిల్లులు

నా చిన్నప్పుడు, దుత్తలూరుకు అవతల మా పల్లెలో, మా నాయన కోపానికి మనుషులూ గొడ్లూ ఒకటే. చేతికందింది తీసుకొని బాదేవాడు. ఆ ఎండాకాలం ఒక అడవిపిల్లి మా కోళ్లను మరిగింది. పొద్దున లేస్తే వాకిట్లో ఈకలూ నెత్తురూ. చివరికి అప్పుడే పుట్టిన మేకపిల్ల గొంతు కూడా కొరికేసింది. నాయన శివాలెత్తిపోయాడు.

ఒకనాడు పొద్దెక్కాక అది కొట్టంలో దొరికిపోయింది. నాయన తలుపు మూసి కర్రతో కొట్టాడు. అది ఎగిరి ఆయన ముంజేయి చీరేసింది. చచ్చిందని తెలిశాక కూడా ఆయన కొడుతూనే ఉన్నాడు. గోడకు చిమ్మిన నెత్తురు చూసి నేను అమ్మ చీరలో ముఖం దాచుకున్నాను.

అప్పుడే ఇంట్లో అటక మీంచి సన్నటి అరుపులు వినపడ్డాయి. పాత గోనెసంచుల మధ్య, కళ్లు కూడా సరిగా తెరవని మూడు పిల్లలు. ఇన్నాళ్లూ అది మా నెత్తిమీదే కాపురం పెట్టిందన్నమాట! నాయన వాటిని గోనెతో సహా కిందికి దించి కర్ర ఎత్తాడు. మా అవ్వ, ఆయన్ను కన్నతల్లి, వాటి మీదికి వంగి చెయ్యి అడ్డం పెట్టింది. దెబ్బ ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

అవ్వ ఏడవలేదు. "కోళ్లను తిన్నది చచ్చింది గదరా, ఇవేం తిన్నాయి? పాలు పడదామంటే నా చెయ్యి ఇరగ్గొట్టినావు. ఇంక నువ్వే పట్టు," అనింది.

గొర్రెలూ మేకలూ మేపే మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. తల్లి చచ్చిన పిల్లకు మొదట ఎవరు పాలు పడితే, అది పెరిగేదాకా వాళ్లే పట్టాలి. చెయ్యి మారితే పిల్ల తాగదంటారు. ఆ సంగతి నాయనకు బాగా తెలుసు. అయినా అవ్వ విరిగిన చెయ్యి చూసి కర్ర పారేశాడు. మేకపాలలో గుడ్డవత్తి ముంచి, నెత్తురు కారుతున్న చేత్తోనే వాటి నోటికి అందించాడు. ఇరుక్కుపోయాడు.

"కోళ్ల దొంగలకు పాలు పోసి పెంచుతుండాడు," అని ఊరంతా నవ్వింది. ఒకటి చచ్చిపోయింది. దాన్ని పూడ్చి వచ్చిన రోజు నాయన అన్నం ముట్టలేదు. మిగిలిన రెంటినీ పెద్దయ్యాక ఉదయగిరి కొండవైపు వదిలేసి వచ్చాడు.

అవ్వ చెయ్యి మాత్రం సరిగా అతకలేదు. పోయేదాకా ఆమెకు ముద్ద కలిపి పెట్టింది నాయనే.

నాకూ ఆయన కోపమే వచ్చింది. మనవళ్ల మీద ఇప్పటికీ చెయ్యి లేస్తుంది. ఈ చేత్తోనే వాళ్లకు రాత్రికి అన్నం కలిపి పెట్టాలి గదా అని దించేసుకుంటాను.