బొంత లోపలి చీర

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బొంత కుట్టినందుకు కాదు ఈ బరువు. అది మళ్లీ కుట్టమన్నా కుడతాను. ముందే చెప్పేస్తున్నాను, నన్ను తిట్టుకునేటప్పుడు ఆ రెండూ కలిపేయకండి.

తొంభైల చివర్లో మా అక్క జ్వరంతో పోయింది. పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. పాపను చూసుకోవడానికి నేను శ్రీకాళహస్తిలో అక్క అత్తగారింటికి వచ్చాను. కర్మ అయ్యాక పోయినవాళ్ల బట్టలన్నీ బట్టలుతికేవాళ్లకు ఇచ్చేయాలి, ఒక్క పోగు కూడా ఇంట్లో మిగలకూడదు. అది ఆ ఇంటి పట్టింపు. మూట కట్టి చాకలి మంగమ్మకు ఇచ్చింది నేనే. దండెం మీద మిగిలిన ఒక్క నూలు చీర మాత్రం ఇవ్వలేదు. ఉతకని చీర. అక్క ఒంటి వాసన, పాల వాసన దాన్ని ఇంకా వదల్లేదు. పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆ కొంగు చుట్టాను. ఊరుకుంది. ఇక ఎలా ఇచ్చేది, మీరే చెప్పండి?

చీరను చీరగా దాచలేను. కోసేశాను. జాకెట్లు కుట్టేదాన్ని కాబట్టి నా దగ్గర పీలికలకు కొదవ లేదు. కలంకారీ వేసేవాళ్లు రంగు చెడిందని పారేసిన ముక్కలు కూడా ఏరి తెచ్చుకునేదాన్ని. అక్క చీరను లోపల పొరలుగా పరిచి, పైన అరచేయంత కూడా లేని ముక్కలన్నీ పక్కపక్కన అతికి, పెద్ద సూదితో కుట్టుకుంటూ పోయాను. ఒకచోట మాత్రం అక్క చీర అంచు ముక్క పైకే వేశాను. పొగరనుకోండి. అక్క కాస్త కనబడాలనిపించింది.

అక్క అత్త కళ్లు ఊరుకుంటాయా?

"ఈ అంచు మీ అక్క సీరది కాదా మే? సచ్చినదాని గుడ్డ బిడ్డ కింద ఏసినావా? ఈ పొద్దే నిన్ను మీ ఊరికి పంపించేస్తా, సూడు!"

పాప నా చంకలో ఉంది. పంపించేస్తే దీన్ని ఎవరు చూస్తారు? అదొక్కటే మెదిలింది.

"నేను అన్నీ ఇచ్చేసినా అత్తా. మంగమ్మే ఈ ముక్క కోసి తెచ్చిచ్చింది. పాపకు తల్లి గుడ్డ ఒకటన్నా ఉండనీ అనింది. వద్దనలేకపోయినా."

చూశారా? నా మనసులోని మాటనే తీసుకెళ్లి మంగమ్మ నోట్లో పెట్టాను. అంత తేలిగ్గా ఎలా వచ్చింది? భయం అని సరిపెట్టుకోవచ్చు. కానీ మంగమ్మ కాదన్నా ఆ ఇంట్లో ఎవరూ నమ్మరని నాకు తెలుసు, తెలిసే ఆమె పేరు చెప్పాను.

అత్త ఆ అంచు ముక్కను పీకి పొయ్యిలో వేసింది. లోపలి పొరల సంగతి ఆవిడకు తెలియదు. మంగమ్మను గడప తొక్కొద్దంది. వీధిలో మిగతా ఇళ్లకూ చెప్పి వచ్చింది. మంగమ్మ వాకిట్లో నిలబడి నా వైపు చూసింది. 'నేనెప్పుడు తెచ్చినాను?' అని ఆమె నన్ను నిలదీసి ఉంటే ఒప్పుకునేదాన్నా? లేదు. ఆమె మీదే అరిచేదాన్ని. కొన్నాళ్లకు మంగమ్మ వాళ్లు సూళ్లూరుపేట వైపు వెళ్లిపోయారని విన్నాను. వెతకలేదు.

నేను ఆ ఇంటికే కోడలినయ్యాను. పాప నన్నే అమ్మా అంది, ఆ బొంత మీదే పెరిగింది. ఏ కీడూ రాలేదు. ఆ మాట అత్త మొహం మీద అనాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! అంటే మంగమ్మ సంగతీ బయటపడుతుందని మింగేసేదాన్ని. అత్త పోయింది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

చీర దాచినందుకు సిగ్గుపడను. తల్లి గుడ్డలో కీడుందంటే ఇప్పటికీ ఎవరితోనైనా పోట్లాడతాను. మంగమ్మ మాత్రం ఏ ముక్కా కొయ్యలేదు. కోసింది నేను, కుట్టింది నేను, ఆమె పొట్ట కొట్టిందీ నేనే. ఇంత రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. నన్ను క్షమించే పని మాత్రం పెట్టుకోకండి. నేను అడగాల్సిన మనిషి మీరు కారు.