గూఢచారి దొర పెళ్ళాం పెద్దకడుబూరు ఈరమ్మ

ఇంగ్లీషు కాశప్పకు ఎంత వచ్చో, తెర మీది దొరకు తెలుగు అంతే వచ్చు. అయినా యుద్ధం రోజుల్లో మా ఆదోని డేరా సినిమాలో దొరల గోడు జనానికి తెలిసింది కాశప్ప నోటనే. ఇంగ్లీషు బొమ్మ ఆడినప్పుడు తెర పక్కన నిలబడి, జరిగేది తెలుగులో అరిచి చెప్పడం ఆయన పని. ఆ విద్య రంగూన్‌లో సినిమా హాలు ఊడుస్తూ నేర్చుకున్నాడు.

వానలు ఎగ్గొట్టిన ఏడు, 1940లో, పెద్దకడుబూరు నుంచి కూలికి రంగూన్ పోయాడు. అప్పుడు భార్య ఈరమ్మకు ఏడో నెల. అక్కడ బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి నడిచి ఊరు చేరితే ఈరమ్మ లేదు. ఆయన పోయిన నెలకే, పుట్టింట కూడా దిక్కులేక, కడుపుతోనే పని వెతుక్కుంటూ పోయిందన్నారు. గుంతకల్లని ఒకరు, రాయచూరని ఒకరు. రెండూ గాలించాడు. బిడ్డ పుట్టిందో, బతికిందో చెప్పేవాళ్లు లేరు.

ఆయన డేరాలో పనికి కుదిరాక ఒక గూఢచారి బొమ్మ వచ్చింది. దొంగమీసం పెట్టుకున్న దొర ఒకడు శత్రువుల దేశంలో దూరి, తప్పిపోయిన పెళ్ళాంబిడ్డల కోసం వెతుకుతాడు. మొదటి ఆటలోనే కాశప్ప కథ మార్చేశాడు. దొరసాని పేరు ఈరమ్మ, ఊరు పెద్దకడుబూరు, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. జనం పడిపడి నవ్వారు. డేరా యజమాని, పత్తి వ్యాపారి వెంకటకృష్ణయ్య మాత్రం దొరసానికి కూలిదాని పేరేమిటని మండిపడి, పేరు మార్చకపోతే పని మానుకోమన్నాడు. కాశప్ప సరే మానుకుంటానన్నాడు. ఈయన పోతే దొర మూగవాడైపోతాడని తెలిసి షావుకారే తగ్గాడు. ఆ రోజు నుంచి కాశప్ప అంటే నాకు గౌరవం.

పత్తి బండ్లవాళ్లు ఆట చూసి, ఆ కథను ఊరూరా మోశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈరమ్మ ఉన్నది పక్కనే ఎమ్మిగనూరులో! మగ్గాలవాళ్ల ఇంట్లో నూలు కండెలు చుడుతోంది. తోటి ఆడవాళ్లు పచ్చబొట్టు చూపి "దొరసానమ్మా" అని ఆటపట్టించేసరికి ఆమెకు ఒళ్లు మండింది. మొగుణ్ణి పోగొట్టుకున్నదాని పేరు డేరాలో ఆడిస్తారా అని, మూడేళ్ల కూతుర్ని ఎత్తుకుని ఆదోని బండెక్కింది. తిట్టడానికే వచ్చింది, అబద్ధమెందుకు.

ఆడవాళ్ల వైపు గోనెపట్టా అడ్డం. ఆమె కూర్చోకముందే అవతలి నుంచి కాశప్ప గొంతు వినబడింది. పట్టా తోసుకుని తెర ముందుకు నడిచింది. అడ్డమొచ్చిందని జనం కేకలేశారు. కాశప్ప ఆమెను చూసి, దొర సంగతే మరిచిపోయాడు.

బిడ్డ వైపు చూసి అడిగాడు. "పేరేంది?"

"నువ్వు సచ్చినావని అందురూ సెప్పినారు," అంది ఈరమ్మ. "నేను నమ్మినట్లే ఉన్యా. బిడ్డకు పేరు మాత్రం పెట్టల్యా. నువ్వొచ్చి పెడతావని."

కాశప్ప బిడ్డనెత్తుకుని భోరున ఏడ్చాడు. మాలోనూ చాలామంది ఏడ్చాం. పేరు బిడ్డ చెవిలో మెల్లగా చెప్పాలంటారు పెద్దలు. కాశప్ప మాత్రం అమ్మవారి పేరే ఎంచి, డేరా అంతటికీ వినబడేలా చెప్పాడు.

"హులిగమ్మ!"